గ్యాస్ బిళ్ళ పక్కన మనసు బిళ్ళ

అనంతపురంలో మందుల షాపు కౌంటర్ వెనక కూర్చున్నవాడికి "మనసు బాగాలేదు" అన్న మాట వినబడదు. వినబడేదంతా కడుపు సంగతే. "తిన్నది అరగల్యా." "పొద్దన్నుంచి గ్యాసు ఎదలోకి ఎగదన్నుతాంది." "కడుపులో ఏందో తిప్పినట్టుంటాదన్నా, రాత్రి నిద్రే రాదు." బిడ్డ సంబంధం చెడిపోయిన తల్లి, బోరు ఎండిపోయిన రైతు, డీఎస్సీకి చదువుతూ చదువుతూ ముప్పై దాటిన పిల్లోడు, అందరూ అడిగేది గ్యాస్ బిళ్ళే. డాక్టరు దగ్గరికి పోయినా ఇదే చెప్పుకుంటారు, చీటీలో మొదటి మందుగా అదే వస్తుంది.

ఈ మధ్య ఇంకో రకం గిరాకీ మొదలైంది. ఫోన్ ముందుకు చాపి, వీడియో ఆపి, అందులో కనిపించే డబ్బాను చూపిస్తారు. "ఇది మింగితే మనసుకు బాగుంటాదంట గదన్నా? పేగులో మంచి బ్యాక్టీరియా పెరిగితే దిగులు పోతాదంట." అడిగేవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ చేసే కొడుకు పంపిన లింకు పట్టుకుని వచ్చే రిటైర్డ్ టీచర్లూ ఉన్నారు.

ఆ బిళ్ళలు నేనూ అమ్ముతాను. వాటి మీద మిగిలేది గ్యాస్ బిళ్ళ మీద మిగిలేదానికంటే ఎక్కువే. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నా వ్యాపారానికి లాభం చేసే మాట కాదు. పేగులకూ మనసుకూ సంబంధం ఉందన్నది నిజం. ఆ నిజంలో అన్నిటికన్నా బలహీనమైన ముక్కను పట్టుకుని బిళ్ళలు చేసి అమ్ముతున్నారు. బలమైన ముక్కలేమో మనం రోజూ ఆలోచించకుండా మింగేవాటిలోనూ, తినడం మానేసినవాటిలోనూ ఉన్నాయి. వాటి గురించి వీడియో చేసేవాడు లేడు, ఎందుకంటే అక్కడ అమ్మడానికి ఏమీ లేదు.

ముందు నిజం సంగతి చూద్దాం. 1822లో అమెరికాలో బొచ్చుతోళ్ళ వ్యాపారంలో పనిచేసే అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి దగ్గర్నుంచి తుపాకీ పేలి కడుపుకు రంధ్రం పడింది. బతికాడు గానీ రంధ్రం పూడలేదు. వైద్యం చేసిన సైనిక డాక్టరు విలియం బోమాంట్ ఏళ్ళ తరబడి ఆ రంధ్రంలోంచి లోపలికి చూస్తూ, అరుగుదల ఎలా జరుగుతుందో రాసుకుని 1833లో పుస్తకం వేశాడు. మనిషికి కోపం వచ్చినా, భయం వేసినా కడుపులో రసాలు ఊరే తీరు మారిపోతుందని అందులో ఉంది. (కోపం రాక ఏం చేస్తుంది పాపం. పట్టుదారానికి మాంసం ముక్కలు కట్టి ఆ కుర్రాడి కడుపులోకి వదిలి, కాసేపయ్యాక బయటికి లాగి చూసేవాడాయన.)

అంటే మనసు కడుపును కదిలిస్తుందని రెండొందల ఏళ్ళ కిందటే కళ్ళతో చూశారు. కడుపు మనసును కదిలిస్తుందా అన్నది తర్వాతి ప్రశ్న. పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. అక్కణ్ణుంచి మెదడుకు పోయే పెద్ద తీగ వేగస్ నాడి. ఆ నాడిలోని పోగుల్లో ఎక్కువ భాగం మోసుకుపోయేది కింది నుంచి పైకి పోయే కబుర్లనే. మెదడు పేగుకు హుకుం జారీ చేస్తుందనుకుంటాం గానీ, లెక్క చూస్తే మెదడు వినేదే ఎక్కువ.

ఇంకా దగ్గరగా చూడాలంటే మా కౌంటర్ దగ్గర నిలబడితే చాలు. డిప్రెషన్‌కు సైకియాట్రిస్టు రాసే మందుల్లో ఎస్సెస్సారై రకం ఎక్కువ. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. ఇవి సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. చీటీ తెచ్చి పది బిళ్ళలు కొనుక్కుపోయిన మనిషి మూడోనాడో నాలుగోనాడో తిరిగొస్తాడు. "ఏం మందిచ్చినారన్నా ఇది, వాంతికొచ్చినట్టుంది, మోషన్లు పట్టుకున్యాయి, నాకొద్దు." మనసు కోసం రాసిన బిళ్ళ ముందు పేగును కదిలించింది. కారణమేమంటే ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం ఉండేది పేగులోనే. మనసు మీద గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, వికారం మాత్రం మొదటి రోజుల్లోనే వచ్చి, చాలామందిలో తర్వాత తగ్గిపోతుంది. ఈ ఒక్క సంగతి ముందే చెప్పి పంపితే సగం మంది మందు మానరని నా నమ్మకం. మూడు నిమిషాలు దొరకని ఓపీలో అది చెప్పే తీరిక డాక్టరుకు లేదు, అది వేరే గొడవ.

వీడియోల వాళ్ళు బోల్తా కొట్టించేది సరిగ్గా ఇక్కడే. "సెరటోనిన్ 90 శాతం పేగులో తయారవుతుంది, కాబట్టి పేగు బాగుంటే సంతోషం" అని ఒక్క గెంతు గెంతుతారు. పేగులో తయారైన సెరటోనిన్ రక్తంలోంచి మెదడులోకి పోలేదు. మెదడు చుట్టూ ఉన్న కాపలా దాన్ని రానివ్వదు. మెదడు తనక్కావలసింది తనే తయారు చేసుకుంటుంది. దానికి కావలసిన ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకు మాత్రం తిండి నుంచి వస్తుంది, పేగులోని సూక్ష్మజీవులు దాన్ని ఎలా వాడుకుంటున్నాయన్నదాన్ని బట్టి మెదడుకు అందేది మారొచ్చు. వేగస్ నాడి ఒక దారి. ఒంట్లో సన్నగా రాజుకునే వాపు ఇంకో దారి. పీచును బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు వచ్చే బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు మరో దారి. దారులు చాలానే ఉన్నాయి, గెంతు మాత్రం లేదు.

మంచి బ్యాక్టీరియా సంగతికొస్తే, పెరుగును మొదట పైకెత్తినవాడు రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్. 1908లో నోబెల్ వచ్చింది ఆయనకు, వచ్చింది మాత్రం రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. బల్గేరియా పల్లెల్లో జనం పులిసిన పాలు తాగడం వల్లే ఎక్కువ కాలం బతుకుతున్నారని వాదించాడు, తనూ రోజూ తాగాడు, 71 ఏళ్ళకు పోయాడు. అప్పట్లో అది తక్కువ వయసేం కాదు, గొప్ప వయసూ కాదు.

మనసు మీద ప్రయోగాలు మొదలైంది ఎలుకల దగ్గర. 2004లో జపాన్‌లో సుడో, ఆయన తోటివాళ్ళు పేగులో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన ఎలుకలకు ఒత్తిడి హార్మోన్లు మామూలు ఎలుకలకంటే ఎక్కువగా ఎగజిమ్ముతాయని చూపించారు. 2011లో ఐర్లండ్‌లోని కార్క్‌లో జాన్ క్రయాన్ బృందం లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియాలో జేబీ-1 అనే రకాన్ని ఎలుకలకు పట్టించింది. వాటి బెదురు తగ్గింది. వేగస్ నాడిని కత్తిరించాక ఆ గుణం మాయమైంది. ఇంత అందమైన ప్రయోగం అరుదు. నాడి తెగితే కబురు ఆగింది, అంటే కబురు ఆ నాడి మీదే పోతోంది.

ప్రోబయోటిక్ (ఈ మంచి బ్యాక్టీరియా బిళ్ళకు పెట్టిన పేరు అదే) గురించి మాట్లాడే ప్రతివాడూ ఈ కథ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తాడు. తర్వాత జరిగిందేమిటంటే, ఆ కార్క్ వాళ్ళే అదే జేబీ-1ను ఆరోగ్యంగా ఉన్న 29 మంది మగవాళ్ళకు ఇచ్చి చూశారు. ఒత్తిడి మీద గానీ, జ్ఞాపకశక్తి మీద గానీ, మందు లేని ఉత్తుత్తి బిళ్ళ కంటే గొప్పగా ఏమీ చేయలేదు. 2017లో ఆ సంగతి వాళ్ళే అచ్చువేశారు. నాకు ఆ శాస్త్రవేత్తల మీద గౌరవం పెరిగింది ఈ రెండో పేపరు వల్లే. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేయలేదని ఒప్పుకున్నవాళ్ళే రేపు పనిచేసేదాన్ని పట్టుకోగలుగుతారు.

పనిచేసిన దాఖలా అసలే లేదా అంటే, ఉంది. 2023లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ళు డిప్రెషన్ మందులు వాడుతున్నా పూర్తిగా గుణం కనిపించని 49 మందికి 8 వారాలు 14 రకాల బ్యాక్టీరియా కలిపిన బిళ్ళ గానీ, ఉత్తుత్తి బిళ్ళ గానీ ఇచ్చారు. అసలు బిళ్ళ తీసుకున్నవాళ్ళలో దిగులు, ఆందోళన రెండూ కాస్త ఎక్కువగా తగ్గాయి. ఆశ కలిగించే ఫలితమే. కానీ 49 మంది, 8 వారాలు. అది పైలట్ స్టడీ అని వాళ్ళే అన్నారు, పెద్దది చేయాలన్నారు. దాన్ని తెచ్చి "సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది" అని డబ్బా మీద వేస్తే ఎలా?

ఇక డబ్బా సంగతి. మా షాపుల్లో ఎక్కువగా కదిలేది మూడు రకాల సరుకు. ఒకటి, 5 మి.లీ. ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చే బాసిల్లస్ క్లాసై, చిన్నపిల్లల విరేచనాలకు రాస్తారు. రెండు, శాకరోమైసిస్ బౌలార్డీ, ఇది బ్యాక్టీరియా కాదు, ఈస్టు, అందుకే యాంటీబయోటిక్‌తో పాటు మింగినా చావదు. మూడు, నాలుగైదు రకాల లాక్టోబాసిల్లస్, బిఫిడో కలిపిన క్యాప్స్యూల్. మనసు కోసమని వీడియోల్లో చూపించేది ఈ మూడో జాతే.

మొదటి రకం స్పోర్లుగా, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపంలో ఉంటుంది, ఎండకు తట్టుకుంటుంది. మూడో జాతివి ప్రాణమున్న సుకుమారాలు. "25 డిగ్రీల లోపు ఉంచవలెను" అని స్ట్రిప్ వెనక సన్నక్షరాలతో ఉంటుంది. మే నెలలో అనంతపురంలో 25 డిగ్రీలు ఎక్కడుంటాయి? నలభై దాటిన ఎండలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు రేకుల షెడ్డు కింద అట్టపెట్టెలు పడి ఉంటాయి. అక్కణ్ణుంచి బండి మీద కట్టుకుని పోతారు, షాపులో గోడకున్న అలమరలో పెడతారు, మధ్యలో కరెంటు కోతలు. డబ్బా మీద వేసిన "ఇన్ని కోట్ల బ్యాక్టీరియా" అన్న లెక్క తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ నాటికి మిగిలేదా అన్నది చాలా డబ్బాల మీద ఉండనే ఉండదు. బతికున్న సరుకును చచ్చిన సరుకులా అమ్ముతున్నాం మేము.

బతికే ఉన్నాయనుకుందాం. ఆ 5 మి.లీ. గొట్టంలో 200 కోట్ల స్పోర్లు ఉంటాయి. వినడానికి పెద్ద లెక్క. మనిషి ఒంట్లోని బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు లెక్కగట్టారు. భాగించి చూడండి, 19 వేలలో ఒక వంతు. తిరుణాలకు కొత్తగా ఒక్క మనిషి వచ్చినట్టు. ఆ ఒక్కడూ ఏం చేయలేడని కాదు, కానీ తిరుణాలను తనే నడుపుతానని వాడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

అసలు అడగాల్సింది ఆ తిరుణాలలో ఇదివరకే ఉన్నవాళ్ళను మనం ఏం చేస్తున్నామని. మా కౌంటర్ మీంచి రోజూ పోయే పాంటాప్రజోల్ స్ట్రిప్పులు చూస్తే భయమేస్తుంది. డాక్టరు పదిహేను రోజులకు రాసిన గ్యాస్ బిళ్ళను ఏళ్ళ తరబడి పరగడుపున కాఫీ కంటే ముందు మింగేవాళ్ళున్నారు. కడుపులో ఆమ్లం ఉండేది అరుగుదలకే కాదు, నోటి నుంచి కిందికి పోయే సూక్ష్మజీవులను చంపడానికి కూడా. ఆ ఆమ్లాన్ని ఏళ్ళ తరబడి అణిచిపెడితే నోట్లో ఉండాల్సిన బ్యాక్టీరియా పేగులో కాపురం పెడుతుందని పరిశోధనల్లో తేలింది. మనసు బిళ్ళ కావాలని వచ్చేవాళ్ళను "గ్యాస్ బిళ్ళ ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నారు?" అని అడిగి చూడండి, ఎంతమందికి జవాబు గుర్తుండదో.

దీనికంటే గట్టి సంగతి బీ12. ఆమ్లం తగ్గితే తిండిలోంచి బీ12 విడిపడడం తగ్గుతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బీ12ను తగ్గిస్తుంది. మా ఊళ్ళో యాభై దాటిన ఇంట్లో షుగరు బిళ్ళా గ్యాస్ బిళ్ళా ఒకే డబ్బాలో ఉంటాయి. దానికి తోడు శాకాహారమైతే చెప్పనక్కర్లేదు. బీ12 తగ్గితే నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు. పేగులో జరిగింది మనసుకు ఎక్కడమంటే ఇంతకంటే తిన్నని దారి ఏదీ లేదు, ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది, వైద్యం సులువు. అయినా దీనికి వీడియో రాదు. అలాగని ఇది చదివి రేపొద్దునే గ్యాస్ బిళ్ళ ఆపేయొద్దు. చాలాకాలం వాడి ఒక్కసారి ఆపితే ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరి మంట పెరగొచ్చు. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

యాంటీబయోటిక్ కథ అందరికీ తెలిసిందే, జలుబుకు కూడా అజిత్రోమైసిన్ అడిగే ఊరు మనది. దాంతోపాటు "పేగు పాడవకుండా" అని ప్రోబయోటిక్ రాస్తారు. యాంటీబయోటిక్ వల్ల వచ్చే విరేచనాలు తగ్గడానికి, ముఖ్యంగా పిల్లల్లో, అది కొంత పనికొస్తుంది, కాదనను. కానీ కోర్సు అయిపోయాక వారాల తరబడి దాన్ని మింగడం గురించి 2018లో వైజ్‌మన్ వాళ్ళే ఒక స్టడీ వేశారు. చిన్న స్టడీయే. యాంటీబయోటిక్ తర్వాత ప్రోబయోటిక్ మింగినవాళ్ళలో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడానికి, ఏమీ మింగనివాళ్ళకంటే ఎక్కువ కాలం పట్టింది. వచ్చిన చుట్టాలు ఇల్లు ఖాళీ చేయలేదన్నమాట.

తిండి దగ్గరికి వస్తే నాకు వాదించే ఓపిక ఎక్కువ. 2017లో ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా అనే ఆమె డిప్రెషన్ ఉన్న 67 మంది మీద 12 వారాల ప్రయోగం వేసింది. సగం మందికి తిండి మార్పించారు. కూరగాయలు, పప్పులు, పొట్టుతో ఉన్న గింజలు, చేప. మిగతా సగానికి పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం. తిండి మార్చినవాళ్ళలో 32 శాతం మందికి డిప్రెషన్ దాదాపు పోయింది, కబుర్ల వాళ్ళలో 8 శాతానికి. ఇదీ చిన్నదే, ఎవరు ఏ గుంపులో ఉన్నారో వాళ్ళకే తెలిసిపోయే ప్రయోగం కూడా. అయినా తిండి మార్చుకోవడంలో ఎక్స్‌పైరీ డేట్ గొడవ లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు.

ఆ ఆస్ట్రేలియా కంచంలో ఉన్నదేమిటో చూస్తే మా అవ్వ కంచం గుర్తొస్తుంది. కొర్రన్నం, జొన్నరొట్టె, అలసందల కూర, ఉలవచారు, పుంటికూర. రాత్రి మిగిలిన సంగటి ముద్దను నీళ్ళలో వేసి పెట్టి పొద్దున్నే మజ్జిగ పోసి పిసికి, ఉల్లిగడ్డ, ఊరుబిండి నంజుకుని తాగేది. ఉడికి చల్లారిన గింజలో కొంత పిండి అరగని రకంగా మారి పెద్దపేగు దాకా పోతుంది, అక్కడి బ్యాక్టీరియాకు అదే భోజనం. అవ్వకు ఈ శాస్త్రం తెలియదు, మిగిలింది పారేయకూడదని మాత్రం తెలుసు. ఆమె కాలమంతా సంతోషంగా బతికిందని మాత్రం నేను చెప్పను. కరువులు చూసింది, బిడ్డల్ని పోగొట్టుకుంది.

ఆ కంచం ఎందుకు పోయిందంటే ఒక్క కారణం కాదు. మెట్టపొలాల్లో కొర్ర, ఆరిక, సజ్జ పోయి జిల్లా అంతా చెనక్కాయ అయింది, అది డబ్బు పంట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నింపిన ఆ పథకాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అప్పటిదాకా పండక్కే వరన్నం తిన్న ఇళ్ళు ఇక్కడ ఎన్నో. కానీ మూడు పూటలా తెల్లన్నమే అయ్యాక పేగులోని బ్యాక్టీరియాకు పీచు దొరకడం తగ్గింది. ఇప్పుడు కొర్రలు మళ్ళీ వచ్చాయి, సూపర్ మార్కెట్లో ప్యాకెట్లుగా, సోనామసూరి కంటే ఎక్కువ ధరకు. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్ళు రైతుల చేత మళ్ళీ చిరుధాన్యాలు పండిస్తున్నారు. రేషన్ బియ్యంతో బతికే ఇంటి కంచంలోకి అవి ఎప్పుడొస్తాయన్నదే ప్రశ్న.

పెరుగు సంగతి అడుగుతారు. తినండి. 2021లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 36 మందికి 10 వారాలు తిండి మార్చి చూస్తే, పులిసిన పదార్థాలు బాగా తిన్నవాళ్ళ పేగులో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, వాపు సూచికలు తగ్గాయి. అది మనసు కోసం వేసిన ప్రయోగం కాదని గుర్తుంచుకోండి. ఇంట్లో తోడు పెట్టిన పెరుగులో ఏ రకాలుంటాయో ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. ఇడ్లీపిండి పులుస్తుంది గానీ ఆవిరికి అందులోవి చచ్చిపోతాయి. ఇక ఆవకాయను ప్రోబయోటిక్ అనేవాళ్ళను చూస్తే, ఉప్పూ నూనే అంత పోసి పెట్టేది ఏదీ పెరగకూడదనే కదా అని అడగాలనిపిస్తుంది.

ఇంత చెప్పాక ఒక్కటి మిగిలింది, దాని గురించే ఈ వ్యాసం రాయాలనిపించింది. బోరు మీద బోరు వేసి, బ్యాంకులో ఒకటి, వడ్డీ వ్యాపారి దగ్గర ఒకటి అప్పు మోస్తున్న రైతు నిద్ర రాక గ్యాసు అని వస్తే, ఆయన దిగులుకు కారణం పేగులో లేదు. పేగు కబురు మోస్తుందంతే. ఆయనకు పెరుగు తినమనడం, కొర్రలు తినమనడం, క్యాప్స్యూల్ అమ్మడం మూడూ ఒకటే. అలాంటివాళ్ళకు నేను చెప్పేది సర్వజన ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి పొమ్మని. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని మొహం మాడ్చుకుంటే మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 బిల్లు వెనక రాసిస్తాను, ఫోన్లో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు పడదు.

మొన్న ఒక కంపెనీ రెప్ కొత్త సరుకు బ్రోచర్ తెచ్చాడు. నవ్వే మెదడు, నవ్వే పేగు, మధ్యలో ఇంద్రధనుస్సు. ఏ రకం బ్యాక్టీరియా, ఎవరి మీద చూశారు, ఎన్ని వారాలు అని అడిగాను. పేజీ తిప్పాడు, లండన్ స్టడీ ఫలితాల బార్ చార్టు ఉంది. అందులో వాడిన 14 రకాలకూ ఈ డబ్బాలోని అయిదు రకాలకూ పొత్తు లేదు. "అయినా నష్టమేముందన్నా, పడితే పడుతుంది, లేకుంటే లేదు" అన్నాడు. నష్టముంది. ఆ 49 మందీ డిప్రెషన్ మందు మానకుండా, దాని మీద ఇది వేసుకున్నారు. మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళు ఇది ఉంది కదా అని అది మానేస్తారు. ఆ ఒక్క ముక్క మీ బ్రోచర్లో తెలుగులో పెద్దక్షరాలతో వేయించు, అప్పుడు కౌంటర్ మీద ముందు వరసలో పెడతానన్నాను. పైవాళ్ళకు చెప్తానన్నాడు. ఆర్డర్ ఎంత రాసుకోమంటారన్నాడు. రెండు డబ్బాలు చాలన్నాను, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పోను అంతే చోటుంది.